సూరత్ చుట్టుపక్కల అడవుల్లో విడిది: అతిథులు వెళ్లాక మిగిలేదేంటి?

వజ్రాల సాన కార్ఖానాలు, మరమగ్గాలు, చీరల మార్కెట్లు. సూరత్ అనగానే గుర్తొచ్చేవి ఇవే. 2011 జనాభా లెక్కల ప్రకారమే ఈ నగర జనాభా 44 లక్షలు దాటింది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

ఇంత ఇరుకైన నగరంలో ఉండేవారికి సెలవు దొరికితే ప్రధానంగా రెండు దారులు. పడమరకు వెళ్తే డుమస్ సముద్ర తీరం. తూర్పుకు, ఆగ్నేయానికి వెళ్తే టేకు, వెదురు అడవులు. ఆ అడవుల్లో గుజరాత్ అటవీ శాఖ ఏర్పాటు చేసిన విడిది కేంద్రాలను ఎకో టూరిజం క్యాంప్‌సైట్లు అంటారు. టెంట్లు, చిన్న కాటేజీలు, ఏటి ఒడ్డు, ఊరివాళ్లు వండిపెట్టే భోజనం వీటి ప్రత్యేకత.

పేరులో ‘ఎకో’ ఉన్నంత మాత్రాన అడవికి మేలు జరగదు. వెదురు గోడలు, సోలార్ దీపాలు కంటికి కనిపిస్తాయి. అసలు విషయం తేలేది మాత్రం మూడు లెక్కల్లో: ఎంతమందిని రానిస్తున్నారు? వాళ్లు వదిలిన చెత్త, మురుగు ఎక్కడికి పోతున్నాయి? వచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరుతోంది?

ఈ క్యాంప్‌సైట్లు ఎక్కడున్నాయి?

సూరత్ జిల్లాలోనే మాండ్వీ తాలూకాలో కేవ్డీ, ఉమర్‌పాడా తాలూకాలో దేవ్‌ఘాట్ ఉన్నాయి. పొరుగున ఉన్న తాపీ జిల్లాలో, ఉనాయ్ వేడి నీటి బుగ్గలకు దగ్గర్లో, అంబికా నది ఒడ్డున పదమ్ డుంగ్రీ ఉంది. తాపీ జిల్లా 2007 అక్టోబరు 2న ఏర్పడింది. అంతకుముందు అది సూరత్ జిల్లాలో భాగమే.

ఇంకాస్త ముందుకు వెళ్తే డాంగ్ జిల్లా. అక్కడ పూర్ణా అభయారణ్యంలో, పూర్ణా నది పక్కన మహల్ క్యాంప్‌సైట్ ఉంది. వాన్స్‌డా జాతీయ ఉద్యానవనానికి చేరువలో కిలాడ్ ఉంది. సాపుతారా కొండకు వెళ్లే యాత్రికుల్లో చాలామంది ఈ దారిలోనే వెళ్తారు.

ఉనాయ్‌కి కారు ఒక్కటే దారి కాదు. బిలిమోరా నుంచి వఘయీ దాకా 63 కిలోమీటర్ల నారో గేజ్ రైలు మార్గం ఉంది. వందేళ్ల కిందట ప్రధానంగా అడవి కలపను తరలించేందుకు వేసిన ఈ మార్గం ఉనాయ్ మీదుగానే వెళ్తుంది.

ఆ అడవికి ఎందుకంత విలువ?

డాంగ్ టేకు మీద ఈస్టిండియా కంపెనీ కన్ను 1840ల్లోనే పడింది. స్థానిక భిల్ నాయకుల నుంచి కలప హక్కులను కౌలుకు తీసుకుని, ఓడల నిర్మాణానికీ ఇతర అవసరాలకూ దుంగలను తరలించింది. ఆ తర్వాత అడవి మీద పెత్తనం అటవీ శాఖకు వెళ్లింది. అందులో తరతరాలుగా బతుకుతున్న కుకణా, భిల్, వార్లీ, గామిత్, చౌధరీ, కోత్వాలియా వర్గాల వాళ్లు సొంత అడవిలోనే అనుమతి అడగాల్సిన స్థితికి చేరారు.

మిగిలిన అడవిలో కొంత భాగానికి రక్షణ దొరికింది. వాన్స్‌డా సంస్థానాధీశుల ఆధీనంలో ఒకప్పుడు ఉన్న సుమారు 24 చదరపు కిలోమీటర్ల అడవిని 1979లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సుమారు 160 చదరపు కిలోమీటర్ల పూర్ణా అభయారణ్యం 1990లో ఏర్పడింది.

ఈ అడవి విలువ చెప్పడానికి ఒక చిన్న గుడ్లగూబ చాలు. ఫారెస్ట్ ఔలెట్ అనే ఈ పక్షి 1884 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 113 ఏళ్ల తర్వాత, 1997లో, మహారాష్ట్రలోని షహాదా దగ్గర మళ్లీ కనిపించింది. 2014లో పూర్ణా అభయారణ్యంలోనూ దీన్ని గుర్తించారు. చాలా గుడ్లగూబల్లా కాకుండా ఇది పగలు కూడా చురుగ్గా తిరుగుతుంది. అంటే పర్యాటకులు తిరిగే వేళా, ఇది వేటాడే వేళా ఒకటే.

ఎవరు నడుపుతారు?

అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి అడవిని కాపాడాలన్న ఆలోచనకు దక్షిణ గుజరాత్‌లో పాత చరిత్రే ఉంది. 1980ల చివర్లో సూరత్ అటవీ సర్కిల్‌లోని సోలియా గ్రామంలో జరిగిన ప్రయత్నం, దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా నిలిచింది. 1990 జూన్‌లో కేంద్రం ఈ పద్ధతిని ప్రోత్సహిస్తూ అన్ని రాష్ట్రాలకూ సర్క్యులర్ పంపింది. 1991లో గుజరాత్ ప్రభుత్వం తీర్మానం చేసింది. తెలుగువారికి ఇదే పద్ధతి వన సంరక్షణ సమితుల పేరుతో పరిచయం.

క్యాంప్‌సైట్లు ఈ కమిటీల మీదే నిలబడ్డాయి. భూమి, కట్టడాలు అటవీ శాఖవి. వంట, శుభ్రత, గైడ్ పని, కాపలా ఊరివాళ్లవి. పదమ్ డుంగ్రీలో భోజనం వండేది చుట్టుపక్కల ఆదివాసీ మహిళలే. నాగ్లీ రొట్టె, మినప పప్పు అక్కడి రోజువారీ వంట. నాగ్లీ అంటే మన రాగులే.

ఇది సంస్కృతి ప్రదర్శన కోసం చేసిన ఏర్పాటు అనుకుంటే పొరపాటు. దీని వెనుక గట్టి లెక్క ఉంది. వంట పని ఊళ్లో ఉంటే బియ్యం, పప్పు, కూరగాయలు దగ్గర్లోనే కొంటారు. సరుకు దూరం నుంచి రాదు కాబట్టి ప్యాకింగ్ చెత్త తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిలబడి ఉన్న చెట్టు వల్ల ఆ ఊరికి ఏటా ఆదాయం వస్తుంది. చెట్టు నరికితే వచ్చే డబ్బు ఒక్కసారే. వెదురుతో బుట్టలు, తట్టలు అల్లే కోత్వాలియాల సరుకు అతిథులకు అమ్ముడుపోతే వెదురు పొదలకూ కాపలాదారులు దొరుకుతారు.

ఈ ముడి తెగితే జరిగేది కూడా ఊహించవచ్చు. బుకింగ్ డబ్బు నగరంలోని కాంట్రాక్టరుకు వెళ్లి, ఊరివాళ్లకు ఊడ్చే పని మాత్రమే మిగిలితే, వేసవిలో అడవికి నిప్పంటుకున్నప్పుడు పరుగెత్తుకొచ్చే చేతులు తగ్గిపోతాయి.

చెత్త: చట్టం ఆపనిది గేటు దగ్గర ఆపాలి

2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది. ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, థర్మకోల్ అలంకరణ సామగ్రి వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మంచినీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం అందులో లేవు. అడవిలో ఎక్కువగా కనిపించే చెత్త ఈ రెండే.

చిన్న లెక్క చూద్దాం. ఒక క్యాంప్‌సైట్‌లో 50 మంది దిగారనుకుందాం. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు లీటరు సీసాల్లోనే అందితే, రోజుకు 150 ఖాళీ సీసాలు పోగవుతాయి. నెలలో ఎనిమిది వారాంతపు రోజులు లెక్కేస్తే 1,200. వాటిని కిందికి దించడానికి వాహనం, అమ్మడానికి మనిషి, దాచడానికి చోటు కావాలి. ఇవి లేనిచోట చెత్తను కాల్చడమో, గోతిలో పూడ్చడమో జరుగుతుంది.

అందుకే ప్లాస్టిక్‌ను గేటు దగ్గరే ఆపడం అన్నిటికన్నా చవకైన పద్ధతి. పదమ్ డుంగ్రీకి ప్లాస్టిక్ రహిత క్యాంప్‌సైట్‌గా పేరు వచ్చింది ఇందువల్లే. శుద్ధి చేసిన నీరు, స్టీలు గ్లాసులు లోపలే అందుబాటులో ఉంటేనే ఇలాంటి నియమం నిలబడుతుంది. ప్రత్యామ్నాయం చూపకుండా బోర్డు మాత్రం పెడితే, సీసాలు సంచుల అడుగున దాక్కుని లోపలికి వస్తాయి.

మిగిలిపోయిన అన్నం ప్లాస్టిక్ కన్నా పెద్ద చిక్కు. ఆరుబయట పడేసిన ఎంగిలికి కోతులు, ఊరకుక్కలు, అడవి పందులు అలవాటు పడతాయి. కుక్కల వెనుక చిరుతపులి వస్తుంది. 2023 గణన ప్రకారం గుజరాత్‌లో 2,274 చిరుతలు ఉన్నాయి. 2016లో వాటి సంఖ్య 1,395. మాండ్వీ, ఉమర్‌పాడా ప్రాంతాల చెరకు తోటల్లో అవి తిరుగుతుండటం కొత్త విషయం కాదు. ఆదివారం పర్యాటకులు పారేసిన ఎంగిలికి మూల్యం చెల్లించేది సోమవారం చీకట్లో పొలానికి వెళ్లే రైతు. మూతపెట్టిన తొట్టి, ఏ రోజు చెత్తను ఆ రోజే కంపోస్టు గుంతలో వేయడం ఇక్కడ మనుషుల ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు.

నీరు, మురుగు

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందాలన్నది దేశంలో అనుసరించే ప్రమాణం. జల జీవన్ మిషన్ గ్రామీణ కుటుంబాలకు నిర్దేశించింది మనిషికి 55 లీటర్లు. నగరం అలవాటుతో వచ్చిన 50 మంది అతిథులు రోజుకు 6,750 లీటర్లు వాడతారు. అది 122 మంది గ్రామస్తుల రోజువారీ వాటాతో సమానం. ఎండాకాలంలో చెలమల్లో నీళ్లు అడుగంటినప్పుడు ఈ తేడా ఊరికి బాగా తెలుస్తుంది. షవర్ బదులు బకెట్, రోజూ ఉతకనక్కరలేని దుప్పట్లు వంటి నియమాలు పిసినారితనంలా కనిపించినా వాటి వెనుక ఉన్న లెక్క ఇదే.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది అంతకంటే ముఖ్యం. అంబికా, పూర్ణా నదులు పడమరకు పారి బిలిమోరా, నవ్‌సారీ ప్రాంతాల మీదుగా సముద్రంలో కలుస్తాయి. ఏటి ఒడ్డున కట్టిన మరుగుదొడ్డి నుంచి మురుగు ఊరితే, అది దిగువన ఉన్నవాళ్ల నీళ్లలో చేరుతుంది.

విసిరేసినట్టుండే చిన్న విడిదులకు రెండు గుంతల మరుగుదొడ్డి అనుకూలం. ఒక గుంత నిండాక మూసేసి రెండోది వాడతారు. మూసిన గుంతలోని మలం ఏడాది రెండేళ్లలో ఎరువుగా మారుతుంది. నేల కింద నీటి మట్టం పైకి ఉన్న చోట, ఏటికి మరీ దగ్గరగా ఇది పనికిరాదు. సెప్టిక్ ట్యాంకు అయితే దాన్ని ఖాళీ చేసే ట్యాంకర్ ఎక్కడికి వెళ్తోందో తెలియాలి. స్నానాల నీటిని ఇంకుడు గుంతకో, మొక్కల పాదులకో మళ్లించవచ్చు.

ఈ విషయాలన్నిటికీ మార్కులు వేసే పద్ధతి ఇప్పుడు దేశంలో ఉంది. 2023లో కేంద్రం ప్రవేశపెట్టిన స్వచ్ఛతా గ్రీన్ లీఫ్ రేటింగ్‌లో హోటళ్లు, రిసార్టులు, హోమ్‌స్టేలకు మొత్తం 200 మార్కులు. ఘన వ్యర్థాలకు 80, మల వ్యర్థాల నిర్వహణకు 80, వాడిన నీటికి 40. వచ్చిన మార్కులను బట్టి ఒక ఆకు, మూడు ఆకులు, అయిదు ఆకుల గుర్తింపు ఇస్తారు. బ్రిటన్‌లోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. పల్లెల్లోని హాలిడే పార్కులు ప్రకృతిని ఎలా చూసుకుంటున్నాయో పరిశీలించి, వృక్షశాస్త్రవేత్త డేవిడ్ బెల్లమీ పేరిట 1990ల నుంచి బంగారు, వెండి, కాంస్య అవార్డులు ఇస్తూ వచ్చారు. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే: ‘మాది పచ్చని విడిది’ అని యజమాని చెప్పుకుంటే చాలదు, బయటివాళ్లు వచ్చి చూడాలి.

వెలుగు, చప్పుడు, మంట

శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అడవికి ఆ పది గంటల హద్దు కూడా ఆలస్యమే. చాలా జంతువులు నీటి దగ్గరకు వచ్చేది పొద్దుగుంకే వేళ. ఏటి ఒడ్డున డీజే పెడితే ఆ పూట అవి నీటికి రావు. దీపాలదీ అదే కథ. నేలవైపు తిప్పిన పసుపు దీపం దారి చూపిస్తుంది. చెట్ల మీదకు తిప్పిన ఫ్లడ్ లైటు పురుగుల్ని, వాటి మీద బతికే పక్షుల్ని, గబ్బిలాల్ని కలవరపెడుతుంది.

చలిమంట చాలామందికి ఇష్టం. ఫిబ్రవరి వచ్చేసరికి టేకు ఆకులు రాలి నేలంతా ఎండుటాకుల దుప్పటి పరుచుకుంటుంది. అక్కడి నుంచి తొలకరి దాకా ఒక్క నిప్పురవ్వ చాలు. మంట వేస్తే ఒకే చోట, చుట్టూ ఆకులు ఊడ్చిన గుండ్రటి కట్ట మధ్యలో వేయాలి. చుట్టుపక్కల పడి ఉన్న ఎండు కట్టెను ఏరి కాల్చడం కూడా మంచిది కాదు. పుట్టగొడుగులకు, పురుగులకు, బల్లులకు అదే ఇల్లు.

ఎంతమంది వస్తే ఎక్కువ?

నిపుణులు దీన్ని ఒక చోటు మోయగల శక్తి అంటారు. లెక్క మూడు మెట్లలో సాగుతుంది. మొదట, స్థలాన్ని బట్టి ఎంతమంది పడతారో చూస్తారు. తర్వాత వానలు, నేల కోత, జంతువుల సంతాన కాలం వంటి కారణాలతో ఆ సంఖ్యను తగ్గిస్తారు. చివరగా సిబ్బంది, నీరు, చెత్త తరలింపు ఏర్పాట్లు ఎంతమందికి సరిపోతాయో చూసి మరింత తగ్గిస్తారు. చివరికి మిగిలేది మొదటి సంఖ్యలో చిన్న భాగమే.

రాత్రి బస చేసేవారి సంఖ్యకు మంచాలే హద్దు. పగలు వచ్చి సాయంత్రం వెళ్లేవారికి అలాంటి హద్దు లేదు. వానాకాలంలో దేవ్‌ఘాట్ వంటి జలపాతాల దగ్గరకు వారాంతాల్లో వచ్చే బళ్లే అసలు పరీక్ష. మంచాలకు బుకింగ్ ఉన్నట్టే పగటి సందర్శకులకూ రోజువారీ కోటా ఉంటేనే ఆ చోటు నిలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

అటవీ ప్రాంతాల్లో పర్యాటకంపై కేంద్ర పర్యావరణ శాఖ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి చోటుకూ ప్రణాళిక, సందర్శకుల పరిమితి, స్థానికులకు వాటా ఉండాలన్నది వాటి సారాంశం.

2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, వన సంరక్షణ ఏవం సంవర్ధన్ అధినియమ్ అని పేరు మార్చారు. అది 2023 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. అటవీ శాఖ ప్రణాళికల్లో చేర్చిన ఎకో టూరిజం సదుపాయాలను ఇక అటవీయేతర అవసరంగా లెక్కించరు. అంటే వాటికి కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదు. దీనిపై వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. జంతు ప్రదర్శనశాలలు, సఫారీలను కోర్టు అనుమతి లేకుండా పెట్టకూడదని 2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఆదేశం వచ్చింది.

అనుమతి సులువైన కొద్దీ ఊరి గ్రామసభ మాటకు విలువ పెరగాలి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడే, నిర్వహించే హక్కును గ్రామసభలకు ఇచ్చింది. కొత్త కాటేజీల వరస ఎక్కడ రావాలి, అసలు రావాలా అన్నది ఆ సభలో చర్చకు వచ్చిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగు నేలపై ఇదే ప్రశ్న

తూర్పు కనుమల్లోని మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులతో కలిసి నడిచే విడిదులు ఉన్నాయి. వాలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపు వాటిలో ఒకటి. నల్లమలలో బైర్లూటీ, మన్ననూరు వంటి చోట్ల అటవీ శాఖ బస ఏర్పాట్లు చేసింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 2024లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. శ్రీశైలం రోడ్డు పొడవునా పోగైన ప్లాస్టిక్‌ను ఏరి, మన్ననూరుకు చేర్చి, కట్టలు కట్టి పునర్వినియోగానికి పంపే ఏర్పాటు అక్కడ ఉంది. సూరత్ అడవులకూ నల్లమలకూ మధ్య దూరం ఎంతున్నా, పరీక్షించే కొలతలు ఒకటే.

వెళ్లేముందు అడగాల్సినవి

బుకింగ్ చేసేటప్పుడు అయిదు ప్రశ్నలు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. తాగునీరు సీసాల్లోనా, కుండలోనా? వంట ఎవరు చేస్తారు, ఎక్కడి వారు? చెత్త బండి ఎన్ని రోజులకోసారి, ఎక్కడికి వెళ్తుంది? రోజుకు ఎంతమందిని రానిస్తారు? రాత్రి పాటలకు అనుమతి ఉందా?

చివరి ప్రశ్నకు ‘ఎంతసేపైనా పెట్టుకోండి’ అన్న జవాబు వస్తే అది అడవిలోని ఫంక్షన్ హాలు. ‘సీసాలు తెచ్చుకోవద్దు, తొమ్మిదికల్లా దీపాలు తగ్గిస్తాం, ఆ తేదీకి ఖాళీ లేదు’ అంటే మాత్రం విసుక్కోనక్కరలేదు. ఆ అడవిని ఎవరో లెక్కపెట్టుకుని చూసుకుంటున్నారని అర్థం.